డాబా మీద మీటరాయన

వాన చినుకు పడిందంటే చాలు, బొత్తాలమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పెరట్లోకి పరుగెత్తేది. సూది గుడ్డలోనే గుచ్చి ఉండేది, పొయ్యి మీద పాలు పొంగిపోయేవి, వీధి తలుపు బార్లా తెరిచే ఉండేది. ఇవేవీ ఆవిడకి పట్టేవి కావు. డాబా మీంచి కిందికి దిగిన ఇనప గొట్టం పక్కన, నీళ్ళ డ్రమ్ము దగ్గర, గొట్టం చివర వంపు తిరిగిన బెండు మీద చెయ్యి వేసి తలెత్తి నిలబడేది. నెత్తిన గుడ్డ కూడా కప్పుకునేది కాదు, ఇక గొడుగు మాట దేవుడెరుగు.

మొక్కలంటే ఎంత పిచ్చో అనుకునేవారు ఇరుగుపొరుగు. పిచ్చే. కాదనను. పెరటి నిండా చిక్కుడు పాదులూ, టమాటా మళ్ళూ, ఒక నిమ్మచెట్టూ, గోడ వారన గులాబీలూ ఉండేవి. వాటన్నిటికీ ఆ డ్రమ్ము నీళ్ళే ఆధారం. కానీ ఆవిడ వానలో తడుస్తూ నిలబడేది మొక్కల కోసం కాదు. ఒక చప్పుడు వినడానికి. ఆ చప్పుడేమిటో చెప్పాలంటే ముందు ఆవిడ మొగుడి గురించి చెప్పాలి. ఆయన్ని వదిలేసి ఈవిడ గురించి చెప్పడం నావల్ల కాదు.

బొత్తాలమ్మ అసలు పేరేమిటో ఆ వీధిలో సగం మందికి తెలియదు. దర్జీ షాపుల వాళ్ళు కుట్టిన చొక్కాలు మూటగట్టి ఆవిడ ఇంటికి పంపేవారు. కాజాలు తీసి, బొత్తాలు కుట్టి, మడతపెట్టి తిరిగి పంపడం ఆవిడ పని. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. చొక్కా చిరిగి పేలికలైనా ఆవిడ కుట్టిన బొత్తాం ఊడదని పేరు. అంత గట్టి మనిషి. కుట్టులోనే కాదు, పంతంలో కూడా.

మొగుడు నీళ్ళ ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మీటరాయన అనేవారు అందరూ. ఇంటింటికీ వెళ్ళి, మీటరు మీద బూజు తుడిచి, అంకెలు చూసుకుని వచ్చే పని. ఏళ్ళ తరబడి ఊళ్ళో మీటర్లు గిర్రున తిరగడం చూసి చూసి, ఎవరైనా కుళాయి నీళ్ళు మొక్కలకి పోస్తే ఆయన ప్రాణం గిలగిల్లాడేది. "తాగే నీళ్ళు తీసుకెళ్ళి మట్టిలో పొయ్యడమేంటండీ? పైనుంచి ఊరికే పడుతుంటే పట్టుకోడానికి బద్ధకమా?" అని కనబడ్డవాళ్ళనల్లా నిలదీసేవాడు. అలా చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఎవరు భరిస్తారు? మీటరాయన వీధి మలుపు తిరిగాడంటే మెల్లిగా తలుపులు దగ్గరికి వేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

సొంతింట్లో మాత్రం ఆయన మాట చెల్లింది. డాబా చుట్టూ పిట్టగోడ, ఒక మూల తూము, ఆ తూము నుంచి కిందికి ఇనప గొట్టం. గొట్టం చివర బెండుని ఇటు తిప్పితే నీళ్ళు కాలవలోకి పోతాయి, అటు తిప్పితే డ్రమ్ములో పడతాయి. ఎండల్లో డాబా మీద పేరుకున్న దుమ్మూ, పిట్టల రెట్టలూ, ఎండుటాకులూ డ్రమ్ములోకి వచ్చాయంటే నీళ్ళు రెండోనాటికే కంపుకొడతాయి. అందుకని చినుకులు మొదలవగానే ఆయన పెరటి గోడకి బిగించిన ఇనప నిచ్చెన ఎక్కి, వానలోనే డాబా అంతా ఊడ్చేవాడు. ఆ మురికంతా కాలవపాలయ్యేది. నీళ్ళు తేటపడ్డాయని తోచాక చేతిలో పానాతో గొట్టం మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. టంగ్, టంగ్. కింద ఈవిడ బెండుని డ్రమ్ము వైపు తిప్పి, "తిప్పేశాను, ఇక దిగండి," అని కేకేసేది.

ఆ కేక వినబడితే తప్ప ఆయన దిగేవాడు కాదు. సన్‌షేడ్ అడ్డం రావడంతో పైనుంచి కిందేం జరుగుతోందో కనబడదు. బెండు సరిగ్గా తిరిగిందో లేదో, మళ్ళీ ఊడ్చాలో అక్కర్లేదో ఆయనకి తెలియాలిగా. "నువ్వు దిగమంటే దిగుతా, లేకపోతే తెల్లార్లూ ఇక్కడే," అని నవ్వేవాడు. ఆ నవ్వూ ఆ మాటా ఆవిడకి మరుపుకి రాలేదు. రాకపోవడమే ఆవిడ కర్మ.

ఇద్దరికీ ముక్కు మీదే కోపం. తగువొచ్చిందంటే ఇంట్లో మాటలు బంద్. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకి చెప్పేవారు. "గోడా, ఆకలేస్తోందని చెప్పు." "గోడా, మూత తీసి వడ్డించుకోమను." పాపం వాళ్ళ కూతురు చిన్నతనంలో గోడ నిజంగానే మాట్లాడుతుందనుకుని దానికి తన బడి కబుర్లన్నీ చెప్పుకునేది. అయితే ఎంత బెట్టులో ఉన్నా ఒక్కదానికి మినహాయింపు ఉండేది. వాన పడుతుంటే తగువు లేదు. పెళ్ళయిన కొత్తలోనే అలా ఒప్పందం చేసుకున్నారు. గొట్టం మోగితే బెండు తిప్పాలి, బెండు తిప్పాక పిలవాలి. ఆయన తడిసి ముద్దయి దిగొచ్చేసరికి ఈవిడ తువ్వాలు పట్టుకుని నిలబడేది. నవ్వకుండా ఉందామనుకుంటూనే ఇద్దరూ నవ్వేసేవారు. అలా ఎన్ని అలకలు తీరాయో.

చివరి తగువు ఒక గులాబీ మొక్క గురించి. రెండో డ్రమ్ముకి చోటు కావాలని, ఆవిడ షాపుకి వెళ్ళినప్పుడు చూసి ఆయన ఆ మొక్కని తవ్వి అవతల నాటాడు. అడగలేదు, పెట్టలేదు. మొక్క నాలుగురోజులు తలవేలేసి చచ్చిపోయింది. "మొక్క పోతే మొక్క రాదా?" అన్నాడు పైపెచ్చు. ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. ఇక గోడక్కూడా ఏమీ చెప్పలేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం వాన మొదలైంది. ఆయన నిచ్చెన ఎక్కాడు. చీపురు చప్పుడు, కాలవలోకి ఎర్రటి మురికి నీళ్ళు, తర్వాత టంగ్, టంగ్. ఆవిడ బెండు తిప్పింది. తిప్పి, పిలవడానికి నోరు తెరిచి, ఎండిపోయిన మొక్క కళ్ళబడేసరికి నోరు మూసేసింది. కాసేపు తడవనీ అనుకుంది. తిక్క కుదురుతుంది అనుకుంది. లోపలికెళ్ళి కుట్టుపని ముందేసుకుని కూర్చుంది.

గొట్టం మళ్ళీ మోగింది. ఆవిడ దారం కొరికింది. ఇంకాసేపటికి మళ్ళీ మోగింది, తిప్పావా లేదా అని అడుగుతున్నట్టు. ఆవిడ ఇంకో చొక్కా అందుకుంది. ఆ తర్వాత చప్పుడు లేదు. విసుగొచ్చి తనే దిగొస్తాడులే, తుడిచిన గచ్చు మీద బురద కాళ్ళేస్తాడు, అప్పుడు చెప్తా అనుకుంటూ కూర్చుంది. చివరికి డ్రమ్ము నిండి నీళ్ళు పొర్లుతున్న చప్పుడుకి లేచి బయటికొచ్చింది. పైకి పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. తనే నిచ్చెన ఎక్కింది.

మీటరాయన పిట్టగోడకి వీపు ఆనించి గొట్టం పక్కనే కూర్చుని ఉన్నాడు. పానా చేతిలోనే ఉంది. వాన ఆయన తెరిచిన కళ్ళల్లో పడుతోంది.

గుండె ఆగిపోయింది అన్నాడు డాక్టరు. మంచం మీద పడుకున్నా ఆగేదేనమ్మా, మీరేం చేసినా లాభం లేకపోయేది అన్నాడు. మంచివాడు కాబట్టి అలా అన్నాడని బొత్తాలమ్మ అనుకుంది. అందరూ ఏడ్చారు, అందరూ ఓదార్చారు. తను పిలవలేదన్న మాట మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. సొంత కూతురికి కూడా.

మరుసటేడు వానలకి, అలవాటు కొద్దీ, ఆవిడ గొట్టం దగ్గరికి వెళ్ళింది. కాలవలోకి మురికి నీళ్ళు పోతున్నాయి. ఎంతసేపు పోనివ్వాలో ఆవిడకి తెలియదు, ఎప్పుడూ పైనుంచి ఆయన కొడితేనే తిప్పిన మనిషి. అలా చూస్తూ నిలబడి ఉండగా గొట్టం మోగింది.

టంగ్, టంగ్.

ఆవిడ చెయ్యి దానంతటదే బెండు తిప్పింది. డ్రమ్ములో పడ్డ నీళ్ళు గ్లాసులో పట్టుకుని తాగొచ్చు, అంత తేటగా ఉన్నాయి. కాసేపటికి మళ్ళీ రెండు దెబ్బలు. ఇంకాసేపటికి మళ్ళీ. ఆవిడకి పిలవాలనిపించింది. మొదటిసారి భయంతో పిలవలేదు. వాన వెలిశాక ధైర్యం కూడగట్టుకుని డాబా ఎక్కి చూసింది. ఏడాది పొడుగునా చీపురు తగలని డాబా కడిగిన పళ్ళెంలా ఉంది. తూముకి అడ్డం పడకుండా ఎండుటాకులన్నీ ఒక మూలకి చేరవేసి ఉన్నాయి. ఆయన చేసే పద్ధతి అదే. గాలి చేసిన పని అనుకోవాలని ఆవిడ చాలా ప్రయత్నించింది. ఆ తర్వాత మళ్ళీ డాబా ఎక్కలేదు.

మొదటిసారి భయమన్నాను కదా. తర్వాత్తర్వాత భయం పోయింది, ఆశ పట్టుకుంది. దిగమంటే ఆయన దిగుతారు. దిగి ఎక్కడికి వెళ్తారు? పోయినవాళ్ళు దిగొచ్చి తన దగ్గరే ఉండిపోరు కదా. ఒక్క కేక వేస్తే అన్ని వానలూ ఒట్టి వానలైపోతాయి. అందుకని ఆవిడ బెండు తిప్పేది, నోరు మాత్రం విప్పేది కాదు. అక్కడే నిలబడి గొట్టానికి తల ఆనించి తక్కిన కబుర్లన్నీ చెప్పేది. కూతురికి ఉద్యోగంలో పెద్ద సీటు ఇచ్చారని, దర్జీ షాపు వాళ్ళు మిషను కాజాలకి మారిపోయారని, నిమ్మచెట్టు ఈసారి విరగకాసిందని. దిగండి అన్న ఒక్క మాట తప్ప.

కానీ ఇంట్లోకొచ్చి తడిబట్టలు మార్చుకుంటున్నప్పుడు చప్పుడు ఇంకా వినబడుతూ ఉండేది. వాన ఉన్నంతసేపూ ఆయన కొడుతూనే ఉండేవాడు. ఈవిడ పొడిబట్టలు కట్టుకుని, వేడిగా ఏదో తాగుతూ, పైన తడుస్తున్న మనిషి చప్పుడు వింటూ కూర్చునేది. తనంత పాపిష్టిది ఇంకొకతె ఉండదని అనుకునేది. మళ్ళీ ఎప్పుడు మబ్బు పడుతుందా అని కళ్ళల్లో వత్తులేసుకుని ఎదురుచూసేదీ తనే.

కిందటేడు వానల్లో అలా తడిసి తడిసి ఆవిడకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చింది. పక్కింటి పిన్నిగారు, అడక్కపోయినా చెప్పే రకం, ఈవిడ వానలో తడిసే సంగతంతా కూతురితో చెప్పేసింది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు ఒంటికాలి మీద లేచింది. ఈ ఏడు మబ్బులు పట్టకముందే సెలవు పెట్టి, గొట్టాల మేస్త్రిని వెంటబెట్టుకుని దిగింది.

మేస్త్రి పాత బెండు ఊడదీసి ఒక నిలువు ప్లాస్టిక్ గొట్టం బిగించాడు. అందులో ఒక బంతి ఉంది. మొదటి మురికి నీళ్ళు ముందు ఆ గొట్టంలో నిండుతాయి, నిండేకొద్దీ బంతి పైకి తేలి మూతిని మూసేస్తుంది, అప్పుడు తేట నీళ్ళు వాటంతటవే డ్రమ్ములోకి వెళ్తాయి.

"ఇంక మీరు బయటికే రానక్కర్లేదు అమ్మగారూ," అన్నాడు మేస్త్రి. "మంచం మీద పడుకోండి. వాన దాని పని అది చూసుకుంటుంది."

"పైన ఊడ్చక్కర్లేదా?" అంది బొత్తాలమ్మ.

"అక్కర్లేదండీ. ఎవరూ ఎక్కక్కర్లేదు."

"విన్నావుగా," అంది కూతురు. "ఆ నిచ్చెన కూడా కోయించేస్తున్నా. తుప్పు పట్టి ఊగిపోతోంది. నువ్వు ఎప్పుడో ఎక్కుతావు, నేను అక్కడ హడలి చావాలి."

బొత్తాలమ్మ వెళ్ళి నిచ్చెనకి అడ్డంగా నిలబడింది. "నిచ్చెన జోలికెళ్ళకండి."

"ఎందుకు?"

"ఉండనీ అమ్మడూ. దాని మానాన అది ఉంది కదా."

"అదే అడుగుతున్నా, ఎందుకుండాలని? పైన ఏముంది మనకి?"

ఆవిడ ఏం చెప్తుంది? మీ నాన్న పైన ఉన్నారు, ఎలా దిగుతారు అని చెప్తుందా? కొంగు నోట్లో కుక్కుకుంది. కూతురు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంది. భోంచేసి కోత మిషను పట్టుకొస్తానని మేస్త్రి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచీ బొత్తాలమ్మ పెరటి గడప మీద కూర్చుని నిచ్చెన వంకే చూసింది. తిప్పడానికి బెండు లేదు, దిగడానికి నిచ్చెన ఉండదు. ఎవరూ పిలవని చోట, ఎవరికీ అక్కర్లేని పని చేస్తూ, ఆ మనిషి అలా ఉండిపోతారు. ఇంతకాలం తను దగ్గర ఉంచుకుంటున్నాననే అనుకుంది. అక్కడ నిలబెట్టి శిక్ష వేస్తున్నానని ఒప్పుకోడానికి ఆవిడకి అప్పటిదాకా మనసు రాలేదు. ఇప్పుడొచ్చింది. పిలిస్తే ఆయన శాశ్వతంగా పోతారు. పిలవకపోతే శాశ్వతంగా తడుస్తారు. మూడోదారి లేదు.

మేస్త్రి ఇంకా రాకముందే ఆకాశం నల్లబడింది. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

ఆవిడ వెళ్ళి గొట్టం దగ్గర నిలబడింది. బెండు ఉండాల్సిన చోట నున్నటి ప్లాస్టిక్ తగిలింది. లోపల నీళ్ళు నిండుతున్న గుడగుడ వినబడింది. బంతి పైకి తేలింది కాబోలు, డ్రమ్ములోకి ధార మొదలైంది. సరిగ్గా అప్పుడే పైన మోగింది.

టంగ్, టంగ్.

నీళ్ళు అప్పటికే డ్రమ్ములో పడుతున్నాయి. పైన ఉన్నాయనకి ఆ సంగతి తెలియదు. మళ్ళీ కొట్టాడు. ఈసారి గట్టిగా.

"అమ్మా, ఏంటిది, మళ్ళీ తడుస్తున్నావా?" కూతురు గొడుగు వేసుకుని పరుగెత్తుకొచ్చింది. సగం దారిలో ఆగిపోయింది. "ఆ చప్పుడేంటి?"

బొత్తాలమ్మ కూతురి మొహంలోకి చూసింది. తనొక్కదానికే వినబడుతోందని ఇన్నాళ్ళూ అనుకుంది. "నీకూ వినబడుతోందా?"

"మేస్త్రి ఏదో సరిగ్గా బిగించలేదేమో," అంది కూతురు. కానీ ఆ అమ్మాయి చూస్తున్నది మేస్త్రి బిగించిన చోటు వైపు కాదు. డాబా వైపు చూస్తోంది. చిన్నప్పుడు ప్రతి వానకీ విన్న చప్పుడు కదా, చెవులు మర్చిపోతాయా?

బొత్తాలమ్మ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది. "ఆ రోజు నేను పిలవలేదే తల్లీ. కోపంతో పిలవలేదు. ఆయన ఎన్నిసార్లు కొట్టారో, వింటూనే కూర్చున్నా." అప్పుడు తలెత్తి, వాన హోరుని మించి, బతికున్న మొగుడిని పిలిచినట్టే కేకేసింది. "తిప్పేశాను. ఇక దిగండి. చాలాసేపు నిలబెట్టాను మిమ్మల్ని, తప్పు నాదే. దిగి రండి."

చప్పుడు ఆగిపోయింది. డ్రమ్ములో ధార ఒక్కటే వినబడుతోంది.

తర్వాత నిచ్చెన పైమెట్టు కిర్రుమంది, బరువు పడ్డప్పుడు పాత ఇనుము చేసే చప్పుడు. దాని కింది మెట్టు. దాని కిందది. తొందర లేకుండా, తడికాళ్ళు జారతాయని జాగ్రత్తగా దిగే మనిషి నడకలాగే. బొత్తాలమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుని నిచ్చెన ముందు నుంచి పక్కకి లాగింది. కూతురు జరిగి దారిచ్చింది. గొడుగు ఎప్పుడు చేజారిందో ఆ అమ్మాయికి తెలియదు. అన్నిటికన్నా కింది మెట్టు కూడా ఒకసారి కిర్రుమని ఊరుకుంది. చల్లటి గాలి ఏదో ఇద్దరి మధ్య నుంచి వెళ్ళింది. అందులో తడిసిన చొక్కా వాసన వచ్చింది.

బొత్తాలమ్మ చాలాసేపు చెవి రిక్కించి నిలబడింది. ఇంకేమీ వినబడలేదు. ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు, అప్పుడు లోపల దాచుకున్నది అడ్డం పడింది మరి. కూతురు తల్లిని పొదివి పట్టుకుని వానలోనే నిలబడింది. లోపలికి పదమని అనలేదు.

వాన వెలిశాక మేస్త్రి మిషను భుజాన వేసుకుని వచ్చాడు. డ్రమ్ములోకి తొంగి చూసి, నీళ్ళు తేటగా ఉన్నాయని సంబరపడ్డాడు. తర్వాత నిచ్చెన ఊపి చూశాడు.

"ఏమంటారమ్మగారూ, దీన్ని కోసేయమంటారా, పొద్దున వద్దన్నారుగా?"

"కోసెయ్యి బాబూ," అంది బొత్తాలమ్మ. "దిగేశారు."

మేస్త్రి ఒకసారి డాబా వైపు, ఒకసారి ఆవిడ వైపు చూశాడు. "ఎవరండీ?"

బొత్తాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఆవిడ చెప్పేలోగా కూతురే, "మా నాన్న," అని, మిషను వైరు ఏ ప్లగ్గులో పెట్టుకోవాలో అతనికి చూపించడానికి లోపలికి వెళ్ళింది.